వాసన చెప్పే మనిషి

లాల్‌సాబ్ పొద్దుటి నుంచి ఆవిరిని కడిగే స్క్రబ్బర్ టవరు మెట్లు ఎక్కుతూ దిగుతూనే ఉన్నాడు. పైకెక్కి గుండ్రటి అద్దంలోంచి లోపలికి చూస్తాడు. కాస్టిక్ సోడా నీళ్లు ప్లాస్టిక్ రింగుల మీద పలచని పొరగా జారుతుంటాయి. రియాక్టర్లలోంచి వచ్చే ఆమ్లపు ఆవిరి కింది నుంచి లేచి, ఆ తడి పొరలో కలిసి అక్కడే ఉప్పయిపోవాలి. నీళ్లు తగ్గితే ఆవిరి చిమ్నీలోంచి నేరుగా మనుషుల మీదికే వస్తుంది. చూసి దిగుతాడు. నీళ్లు చాలుతున్నాయో లేదో అద్దంలోంచి తేలదు. దిగినా కాలు నిలవదు.

ఉలిగమ్మ ఇంకా రాలేదు.

హిందూపురం శివార్లలోని ఆ ఫ్యాక్టరీలో ఆవరణ ఊడ్చేది ఆమె. రోజూ పెనుకొండ నుంచి బస్సులో వచ్చేది. ఏళ్ల తరబడి ఆ ఘాటు పీల్చి లాల్‌సాబ్‌కు వాసన తెలియడం పోయింది. ఆ సంగతి ఇంట్లో భార్య ఖైరున్‌బీకి, ఇక్కడ ఉలిగమ్మకు తప్ప ఎవరికీ తెలియదు. గాలిలో ఆమ్లం ఎంతుందో చూపే మీటరు చెడిపోయి చాన్నాళ్లయింది. ఉలిగమ్మే వచ్చి, ముక్కు మీది కొంగు దించి, చిమ్నీ వైపు తిరిగి గట్టిగా గాలి పీల్చేది.

"ఘాటుగా ఉండాదన్నా, నీళ్లు పెంచు" అనేది. లేకుంటే, "ఏం లేదు, పోయి టీ తాగు" అని నవ్వేది.

ఇవాళ ఫోన్ చేస్తే ఎత్తలేదు. లాల్‌సాబ్ క్యారియర్ విప్పి, తినకుండానే మూసేశాడు. పైపుకు అరచెయ్యి ఆనించాడు. నీళ్లు పోతున్నట్టే ఉంది, పోనట్టూ ఉంది.

మధ్యాహ్నం, డ్రమ్ములు దొర్లించే వీరేష్ కళ్లు తుడుచుకుంటూ పరుగెత్తుకొచ్చాడు.

"సాబన్నా, ఏం చేస్తాండావు? ఆడ ఊపిరాడల్యా!"

లాల్‌సాబ్ రెండో నీళ్ల పంపు వేశాడు. కాసేపటికి దగ్గులు ఆగాయి. సూపర్‌వైజర్ సుధాకర్ వచ్చి, "వాసన రాలేదా నీకి?" అన్నాడు.

"ఇప్పుడే వచ్చింది సార్" అని అబద్ధమాడాడు.

షిఫ్టు దిగే వేళ వీరేష్ మళ్లీ వచ్చాడు. గొంతు తగ్గించాడు.

"ఉలిగమ్మక్క పోయిందంటన్నా. తెల్లారుజామున ఆయాసమొచ్చిందంట. ఆస్పత్రికి తీసకపోయే లోపలే..."

కొన్నాళ్లుగా ఆమె దగ్గుతుంటే లాల్‌సాబ్ అడిగాడు. జలుబులే అంది. నమ్మాడు. నమ్మడమే సుఖంగా ఉండింది.

నేరుగా సుధాకర్ గదికి వెళ్లాడు.

"సార్, నాకి వాసన తెలీదు. ఎప్పుడో పోయింది. ఆయమ్మ చెప్తే నడిపిస్తాంటి."

"ఏమప్పా, ఇప్పుడా చెప్పేది?"

"రేపట్నుంచి నన్ను ఆడ పెట్టొద్దు. డ్రమ్ములు దొర్లిస్తా, లేదంటే ఇంటికి పోతా. ముందు ఆ మీటరు బాగు చేయించండి సార్."

జవాబు కోసం ఆగలేదు. గేటు దాటి పెనుకొండ బస్సెక్కాడు.

స్క్రబ్బర్ మెట్ల కింద మేకుకు, ఉలిగమ్మ పేరు రాసి కంపెనీ ఇచ్చిన మాస్కు కవరైనా విప్పకుండా వేలాడుతోంది.