గాలికి పడని స్టాండు

నేను ఒక మూడు కాళ్ళ కెమెరా స్టాండును. కాళ్ళే గాని చేతులు లేవు కనక నా కథను దాలమ్మ రాస్తోంది. ఆమె ముసలితనంలో రాత్రిబడికి వెళ్ళి అక్షరాలు నేర్చుకుంది. వత్తులు తప్పితే మన్నించండి. ఒక్కో మాట దగ్గర చాలాసేపు ఆగుతుంది. నాకేమీ తొందర లేదు.

టెక్కలిలో ఒక వడ్రంగి నన్ను టేకు చెక్కతో చేశాడు. మొదట భూములు కొలిచే సర్వేయరు కొన్నాడు. బెత్తెడు గట్టు కోసం అన్నదమ్ములు నా ముందే జుట్లు పట్టుకునేవారు. అతనికి బదిలీ అయినప్పుడు నన్ను ఫొటో స్టూడియో పోలినాయుడు గారికి ఇచ్చేసి వెళ్ళాడు. అక్కడ చూసిన వింత వేరు. దారంతా తిట్టుకుంటూ వచ్చిన మొగుడూ పెళ్ళాలు నా ఎదుట నిలబడగానే ఊపిరి బిగబట్టి నవ్వేవారు.

నాయుడు గారికి మనుషుల ఫొటోలు అన్నం కోసం. వానలు వెనకబట్టి ఆకాశం కడిగినట్టు అయ్యాక ఆయన స్టూడియోకి తాళం వేసేవారు. నన్ను సైకిలుకి కట్టి, భార్య దాలమ్మని వెనక కూర్చోబెట్టుకుని బయలుదేరేవారు. తేలినీలాపురంలో చెట్ల నిండా గూడబాతులు, మంచు కప్పుకున్న మహేంద్రగిరి, భావనపాడు సముద్రం మీద అమావాస్య చుక్కలు. ఆ ఫొటోలు ఎవరూ కొనలేదు.

మొదటి ఏడే సముద్రపు గాలికి నేను పడిపోయాను. కెమెరా అద్దం పగిలింది. నాయుడు గారు నా కాళ్ళకి ఇనుప మేకులు వేయించారు, ఇక పడే ప్రసక్తి లేదు. అయినా దాలమ్మ నమ్మలేదు. పక్షి అయినా చుక్క అయినా, ఫొటో పడేదాకా నా కాలు పట్టుకుని కూర్చునేది. ఆయనా వద్దనలేదు. పక్కన మనిషి ఉంటే ఆయనకి బాగుండేది.

దాలమ్మకి ఒకటే కోరిక, మొగుడితో కలిసి ఒక్క ఫొటో. పెళ్ళినాడు తీసేవాళ్ళు లేరు. తరవాత అడిగినప్పుడల్లా ఆయన "ఒచ్చే ఏడు" అనేవారు.

చివరికి ఒక కార్తీకంలో, చెరువు గట్టు మీద, ఆయనే పిలిచారు.

"ఒలే దాలా, రీల్లో ఒక్కటే మిగిలింది. పచ్చులకొద్దు, మనకే. రాయే, ఇలా నిలబడు."

"ఇలాగేనా? తలైనా దువ్వుకోనేదు. నాకన్నా ఆ కొంగే బాగుంది."

"కొంగ నోరిప్పదు. అందుకే బాగుంది."

"అలగైతే కొంగనే మనువాడవలసింది!"

అంటూనే కొంగు సర్దుకుని గట్టు మీద నిలబడింది. ఆయన మీట తిప్పి పరుగున వెళ్ళి పక్కన చేరారు. కాసేపటికి కెమెరా దానంతట అదే ఫొటో తీస్తుంది. లోపల చక్రం గిర్రుమంటోంది. దాలమ్మ ఊపిరి బిగబట్టింది.

చెరువు మీంచి గాలి లేచింది. కెమెరా పట్టీ ఎగిరి నా కాలికి కొట్టుకుంది. నేను కదల్లేదు, మేకులు బురదలో దిగబడి ఉన్నాయి. కానీ దాలమ్మ అప్పటికే నావైపు పరుగెడుతోంది.

"ఒగ్గీయే! అది పడదే!" అని ఆయన చెయ్యి చాపి అరిచారు.

ఆమె నా కాలు పట్టుకునేసరికి కెమెరా ఫొటో తీసేసింది. ఆయన కడుపు పట్టుకుని నవ్వారు. దాలమ్మ నాలిక కరుచుకుంది.

"పోన్లే, ఒచ్చే ఏడు మళ్ళీ ఒస్తాం కదేటి" అన్నారు.

ఆ వచ్చే ఏడు వానలు వెనకబట్టకముందే ఆయన జ్వరంతో పోయారు. గోడకి పెట్టడానికి ఇంట్లోవాళ్ళు ఆయన ఫొటో వెతికారు. ఊరందరి మొహాలూ తీసిన మనిషికి తన మొహం ఉన్నది గట్టు మీది ఆ ఒక్క ఫొటోలోనే. దాన్నే పెద్దది చేయించారు.

"ఏటమ్మా ఇది, నోరు తెరిసీసున్నాడు. ఎవుల్ని పిలుస్తన్నాడు?" అంది చూడవచ్చిన ఆడబడుచు.

"నన్నే, వదినా" అంది దాలమ్మ.

నాకు నోరుంటే ఆ రోజు నేనూ అరిచేదాన్ని. నిలబడమ్మా, నేను పడను, నీ చోటు వదలకు అని.

ఆ ఫొటో ఇప్పుడు నాకు ఎదురుగా ఉంది. ఆయన చాపిన చెయ్యి పక్కన గట్టు ఖాళీ. అక్కడ గడ్డి రెండు పాదాల మేర అణిగి ఉంది. ఇంకా లేవలేదు.

సీపాన దాలమ్మ, వయసు డెబ్బై ఒకటి. ఇప్పుడు ఉండేది నౌపడాలో, చెల్లెలి ఇంటి వెనక గదిలో.