రామకృష్ణయ్య పెండ్లాం చిక్కిపోయింది

“మా ఇంటామెను రోటికాడ్నుంచి లేపల్లంటే ఇద్దరు హమాలీలను పిలవల్లప్పా!” అన్నాడు రామకృష్ణయ్య విస్తరి ముందు కూర్చుని. ధర్మవరం నుంచి చీరల మూటలతో వచ్చిన వ్యాపారి నోటికాడి ముద్ద ఆపి మరీ నవ్వినాడు.

వంటింటి వెనక పంచలో రోటి ముందున్న నాగరత్నమ్మకు ఆ నవ్వు గోడ దాటి వినపడింది. వచ్చినాయన శెనక్కాయల ఊరిబిండి పచ్చడి ఇంకొంచెం కావాలన్నాడని అప్పటికప్పుడు రుబ్బడానికి కూర్చుంది. భర్త మాట కొత్తదేమీ కాదు. ఇంటికి ఎవరొచ్చినా ఆయనకు అదొక వేడుక. ఎప్పటి మాదిరే ఆమె కూడా నవ్వింది, చూసేవాళ్ళు లేకపోయినా. బిండి గిన్నెలోకి ఎత్తి లేవబోయింది. లేవలేకపోయింది. కుడికాలు మోకాలి కిందనుంచి తనది కానట్టు పడి ఉంది. గోడ పట్టుకుంది, నేలకు చెయ్యి ఆనించింది, ఒళ్ళంతా చెమట పట్టింది. ఆలస్యమైతే ఆయన ఇంకో మాట అంటాడు, వచ్చినాయన ఇంకోసారి నవ్వుతాడు. అందుకని నాగరత్నమ్మ మళ్ళీ పొత్రం పట్టుకుని ఖాళీ రోట్లో తిప్పడం మొదలుపెట్టింది. రుబ్బుతున్న చప్పుడు వినపడితే చాలు, ఎవరూ వచ్చి చూడరు. కాలికి ప్రాణం వచ్చేదాకా రాయి మీద రాయి తిప్పుతానే ఉంది.

యాడికి అనే ఆ ఊరి బజారులో గుడ్డలంగడి రామకృష్ణయ్య అంటే తెలియనివాళ్ళు లేరు. పదహైదేండ్లకు ఆ ఇంటికి కోడలుగా వచ్చినప్పుడు నాగరత్నమ్మ చెరుకుగడ మాదిరి ఉండేది. ఇప్పుడు నలభై అయిదు. కూతురు పెండ్లి చేసుకుని పోయింది, కొడుకు అనంతపురంలో చదువుతున్నాడు. ఈ మధ్యలో ఒళ్ళు ఇంత ఎప్పుడు పెరిగిందో ఆమెకే తెలియదు. విస్తరి ముందు కూర్చుని తిన్నది పెండ్లిళ్ళలోనే. ఇంట్లో అందరూ తిని లేచినాక గిన్నెల ముందు కూర్చునేది. “వాన లేని ఊర్లో అన్నం పారేస్తారామ్మా? నువ్వు తినెయ్” అనేది అత్తగారు శాంతమ్మ. పొద్దున మిగిలిన దోసె, అడుగంటిన అన్నం, పిల్లలు సగం కొరికి వదిలిన బూరె, అత్తగారికి సయించని పెరుగన్నం, అన్నీ ఆమె కడుపులోకి పోవాల్సిందే. ఆకలై తిన్న పూట ఆమెకు గుర్తు లేదు. గిన్నె కడగాలి కాబట్టి తినేది.

బజారులో మాత్రం ఆ ఒంటికి మంచి పేరుండేది. పెండ్లికి పోతే “రామకృష్ణయ్య పెండ్లామా! ఎంత నిండుగా ఉండాదో చూడు. అంగడి బాగా నడుస్తాన్నట్టుండాది” అని ఆయనకు వినపడేటట్టే అనేవాళ్ళు. ఆయన మీసాల కింద నవ్వుకునేవాడు. ఇంట్లో ఎగతాళికీ ఆ ఒళ్ళే, బయట గొప్పకూ ఆ ఒళ్ళే. దాన్ని మోసేది మాత్రం ఆమె ఒక్కతే.

ఒకనాడు పొయ్యిలో నిప్పులు బయటికి లాగుతూ ఉంటే ఏదో కమురు వాసన వచ్చింది. పాలు పొంగినాయేమోనని గిన్నె మూత తీసి చూసింది. పంచలో అంట్లు తోముతున్న కదిరమ్మ తల ఎత్తి, చేతిలో గిన్నె వదిలేసి కేక పెట్టింది. “అమ్మా, నీ కాలు! నీ కాలు చూడు!”

కుడికాలి మీద నిప్పు కణిక. చర్మం నల్లగా కమిలిపోతోంది. నాగరత్నమ్మ దాన్ని చూస్తూ నిలబడింది. నొప్పి రాలేదు. వస్తుందేమోనని ఎదురుచూసింది, అయినా రాలేదు. కదిరమ్మే పరిగెత్తుకొచ్చి చెంబుడు నీళ్ళు కుమ్మరించింది. అప్పుడు పట్టుకుంది నాగరత్నమ్మను భయం. గోరంట్లలో ఆమె అక్కకు మొదలైంది ఇట్లాగే. వేలికి ఏదో గుచ్చుకుంటే తెలియలేదు. వేలు పోయింది, పాదం పోయింది, మోకాలి దాకా తీసేసినారు. చివరిసారి చాప మీద చూసినప్పుడు అక్క ఒకటే మాట అడిగింది: “ఎవరన్నా అన్నం మిగిల్చినారా అని చూడకుండా ఒక్క పూటన్నా తింటినా పాపా?” ఆ రోజు నాగరత్నమ్మకు ఆ మాట అర్థం కాలేదు.

పుండు మానలేదు. పసుపు పెట్టింది, ఆకు పసరు పోసింది. చీర కుచ్చెళ్ళు కిందికి దించి దాచుకుంది. కుంటడం దాచుకోలేకపోయింది. అంగడి మూసే రోజు చూసి రామకృష్ణయ్య అనంతపురం తీసుకుపోయినాడు. అక్కడి డాక్టరమ్మ నాగరత్నమ్మ మూత్రంలో ఏదో మందు కలిపి గాజుగొట్టంలో కాచింది. నీలంగా ఉన్నది చూస్తుండగానే ఇటుకరంగుకు తిరిగింది.

“చక్కెర జబ్బు. రోజూ ఏం తింటావమ్మా?”

నాగరత్నమ్మ ఆ ఇంట్లో ఎవరెవరు ఏం తింటారో, ఎవరికి ఉప్పు తక్కువ కావాలో, ఎవరికి ఏది పడదో నిద్రలో లేపి అడిగినా చెప్పగలదు. తనేం తింటుందో ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

“మిగిలినవి తింటా” అంది చివరికి.

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. “నీ కడుపు కసువుదిబ్బ కాదమ్మా. అన్నం తగ్గించు. రాగులో కొర్రలో తిను, వేళకు తిను, నీకని పెట్టుకుని తిను. తీపి ముట్టొద్దు. రోజూ బయటికి పోయి చెమట పట్టేదాకా నడువు. ఒళ్ళు తగ్గాలి. తగ్గకపోతే ఆ కాలు నేను కాపాడలేను.”

“మంచి మాత్రలు రాయండి డాక్టరమ్మా, ఎంతదైనా ఫరవాలేదు” అన్నాడు రామకృష్ణయ్య.

“మాత్రలు రాసినా. నడిచేది మాత్రం ఆమే.”

తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఆయన కిటికీ వైపు తిరిగి అన్నాడు. “నడవల్లంట! పొద్దున లేస్తే వంటింటికీ బావికాడికీ నడిచేది సాలదా? మన ఇండ్లల్లో ఆడోళ్ళు పనీపాటా లేనట్ల రోడ్ల మీద తిరుగుతారా? రాగిసంగటి తినల్లంట. కూలోళ్ళ తిండి. నలుగురికీ తెలిస్తే ఏమనుకుంటారు?” ఆమె ఒళ్ళో పెట్టుకున్న మాత్రల పొట్లాం గట్టిగా పట్టుకుంది. బయట చేన్లన్నీ ఎర్రగా, ఉత్తగా పడి ఉన్నాయి. ఆ ఏడు విత్తనం వేసేంత వాన కూడా పడలేదు.

మరునాడు చీకటి విచ్చుకోకముందే సందు తలుపు గడియ తీసి బయటికొచ్చింది. పుండుకు గుడ్డ కట్టుకుని, తలమీద కొంగు కప్పుకుని, గోడల వెంబడి దొంగ మాదిరి నడిచింది. ఊరి చివర తాడిపత్రి రోడ్డుకు వచ్చేసరికే రొప్పు. రాయి మీద కూలబడింది. బజారులో ఎవరైనా లేచినారేమో, ఎవరైనా చూసినారేమో అని వెనక్కి తిరిగి చూసుకుంది. ఎదురుగా కదిరమ్మ వస్తోంది, అంట్ల పనికి.

“ఏందమ్మా, ఈడ కూసున్యావు? ఇంట్లో గలాటానా?”

“లేదు. నడవను వచ్చినా.”

“నడవనా? యాడికి?”

“యాడికీ లేదు. ఒళ్ళు తగ్గల్లంట.”

కదిరమ్మ నడుము మీద చేతులు పెట్టుకుని ఆమెను చూసింది. ఎముకల మీద చర్మం చుట్టినట్టుండే మనిషి. కరువు పనిలో రాళ్ళు కొట్టి వచ్చిన చేతులు. నవ్వుతుందేమో అనుకుంది నాగరత్నమ్మ. నవ్వలేదు. “నువ్వు పారేయలేక లావైతివి. మేము లేక ఇట్లైతిమి” అంది మామూలుగా. “లెయ్యమ్మా, ఇంకరోంత దూరం పోదువు. నేనుండా గదా.”

ఆ మాట నాగరత్నమ్మను నడిచినంతసేపూ కోసింది. ఇంటికి పోయి బియ్యం తక్కువ పోసింది. మిగిలేదేమైనా ఉంటే అది ఎవరి నోరూ తగలకముందే, వేడిగా ఉన్నప్పుడే తీసి కదిరమ్మకు పెట్టింది. తనకు చిన్న గిన్నెలో సంగటి కెలుక్కుంది. అందరితోపాటు కాకపోయినా, ఆకలైన వేళకు పీట వేసుకుని కూర్చుని తినింది. శాంతమ్మ గడప దగ్గర నిలబడి చూసింది. “మొగోళ్ళు తినకముందే కంచం ముందు కూసున్న కోడల్ని ఇప్పుడే చూస్తాండా” అంది. నాగరత్నమ్మ నోట్లోని ముద్దను నీళ్ళు తాగి మింగింది. లేవలేదు.

మొదట తెలిసింది కాలికే. పుండు అంచులు దగ్గరికొచ్చినాయి. తర్వాత రొప్పు తగ్గింది. ఒకరోజు వడియాల చాటలు ఎత్తుకుని మిద్దె మెట్లు మధ్యలో ఆగకుండా ఎక్కేసింది. పైకి చేరినాక గాని ఆ సంగతి గమనించలేదు. మిద్దె మీద నిలబడి గట్టిగా ఊపిరి పీల్చుకుంది. ఎవరి కోసమూ కాని ఊపిరి అది. చాటలు కింద పెట్టి ఉత్తినే ఆ పక్కకూ ఈ పక్కకూ నడిచింది. తన ఒళ్ళు తన మాట వింటోంది. ముప్పై ఏండ్లు ఆ ఒళ్ళు ఇంట్లోవాళ్ళ మాటే వినింది. ఆమెకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

రవికెలు వదులైనాయి. గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. ఇంట్లో ఎగతాళి ఆగిపోయింది. దాని బదులు భర్త ఆమెను చూసే చూపులో ఏదో గుబులు మొదలైంది. కరువు ముదిరేకొద్దీ బజారులో అంగళ్ళు మూతపడుతున్నాయి. ఒకనాడు ఆయన తువ్వాలు విసిరికొట్టి అన్నాడు.

“సాలిచ్చు ఇంక. జనం ఏమనుకుంటాండారో తెలుసా? రామకృష్ణయ్య పెండ్లాం చిక్కిపోయింది, అంగడి ఎత్తేస్తాడేమో అంటాండారు. పెండ్లానికి సంగటి పెడతాండాడంట అని నవ్వుతాండారు. బళ్ళారి సావుకారి చెవిన పడితే నాకు అప్పుకు సరుకిస్తాడా?”

“నాకు జబ్బని చెప్పండి.”

“జబ్బు మనిషిని ఇంట్లో పెట్టుకున్యానని చాటింపు ఎయ్యమంటావా?”

“మా అక్క కాలు…”

“మీ అక్క రాత మీ అక్కది!”

ఆ మాట అన్నాక ఆయనే ఒక క్షణం తడబడినాడు. వెనక్కి మాత్రం తీసుకోలేదు.

బళ్ళారి సావుకారు భార్యతో సహా భోజనానికి వచ్చినాడు. శాంతమ్మ బొబ్బట్లు చేయించింది, నెయ్యి కరిగించి పెట్టింది. ఆ పూట నాగరత్నమ్మను వడ్డించనియ్యలేదు. పట్టుచీర కట్టించి, సావుకారు భార్య పక్కన పీట వేయించినాడు రామకృష్ణయ్య. ఆమె విస్తర్లో రెండు బొబ్బట్లు పడినాయి. ఆమె అన్నం వైపు చెయ్యి పెట్టింది.

“ముందు తీపి తిను” అన్నాడు.

“వద్దండీ.”

సావుకారు తలెత్తినాడు. రామకృష్ణయ్య నవ్వినాడు. కండ్లు మాత్రం నవ్వలేదు. వంగి బొబ్బట్టు తుంచి, నెయ్యి అద్ది, తన చేత్తో ఆమె నోటికాడ పెట్టినాడు. “మా ఆమెకు నేను తినిపిస్తే గానీ దిగదు” అన్నాడు. అందరూ నవ్వినారు. ఆయన వేళ్ళు ఆమె పెదాలకు తగిలి గట్టిగా నొక్కినాయి. ఆమె ఆయన ముఖంలోకి చూసింది. ఆ ముఖంలో ప్రేమా లేదు, కోపమూ లేదు. భయం, ఒట్టి భయం. నోరు తెరిచింది. ఇంకో ముక్క, ఇంకో ముక్క. రెండూ అయిపోయేదాకా ఆయన చెయ్యి ఆగలేదు.

“ఎంత అదృష్టమమ్మా నీది!” అంది సావుకారు భార్య, కండ్లు చెమరుస్తుంటే.

ఆ తీపి నాలుక మీద చేదుగా నిలిచిపోయింది. ముప్పై ఏండ్లు మిగిలినవి తిన్నాను, ఇప్పుడు ఈయన పరువు తింటున్నాను అనుకుంది. ఈ కడుపులో ఇంక ఎవరికీ చోటివ్వను అనుకుంది. పైకి మాత్రం సావుకారు భార్యకు తాంబూలమిచ్చి, బొట్టు పెట్టి పంపింది.

తెల్లవారి సందు తలుపుకు తాళం. పెరటి తలుపుకూ తాళమే. తాళంచెవులు రామకృష్ణయ్య మొలతాడుకు వేలాడుతున్నాయి.

“ఎండెక్కినాక తీస్తాలే. ఆ ఎండలో, నలుగురు చూస్తాంటే ఎట్ల పోతావో పో” అన్నాడు పండ్లు తోముకుంటూ.

శాంతమ్మ జపమాల తిప్పుకుంటూ కూర్చుంది, ఏమీ విననట్టు. నాగరత్నమ్మ స్నానం చేసింది. మాత్ర వేసుకుంది. సంగటి ముద్ద తిని, గిన్నె కడిగి బోర్లించింది. ఈలోపల ఆయన అంగడి తెరిచినాడు. ఇంటికీ అంగడికీ మధ్య ఒక తలుపుంది. మొగోళ్ళు భోజనానికి వచ్చిపోయే తలుపు. ఆ ఇంటి ఆడవాళ్ళు దాన్ని దాటి అంగట్లో అడుగు పెట్టిన రోజు లేదు. శాంతమ్మ తన మొగుడు అంగడి గద్దె మీద కుప్పకూలినాడని కబురొచ్చినప్పుడు కూడా ఈ తలుపు ఇవతలే నిలబడి ఏడ్చిందని చెప్పుకుంటారు.

నాగరత్నమ్మ ఆ తలుపు ముందుకొచ్చి ఆగింది. వెనక జపమాల చప్పుడు ఆగిపోయింది.

“నాగరత్నా,” అంది శాంతమ్మ. కోడలిని పేరు పెట్టి పిలిచి ఎన్నేండ్లయిందో. నాగరత్నమ్మ గడప దాటింది.

అంగడి నిండా జనం. కొనేవాళ్ళకంటే ఉత్తినే కూర్చున్నవాళ్ళే ఎక్కువ, కరువు రోజులు కదా. రామకృష్ణయ్య గజంబద్ద పట్టుకుని గుడ్డ కొలుస్తున్నాడు. తలెత్తి చూసి అట్లాగే ఉండిపోయినాడు. కూర్చున్నవాళ్ళంతా అటు తిరిగినారు.

“ఏందిది? లోపలికి పో” అన్నాడు పెదాలు కదలకుండా.

అరుగు మీద కూర్చున్న ముసలి రైతు చెన్నప్పకు గుట్టూమట్టూ తెలియదు. ఆమెను ఎగాదిగా చూసి గట్టిగానే అడిగేసినాడు. “ఏమమ్మా, శానా చిక్కినావే! మీ అంగడి ఎత్తేస్తారని ఊర్లో అనుకుంటాండారు. నిజమేనా తల్లీ?”

రామకృష్ణయ్య గజంబద్ద కింద పెట్టినాడు. ఆయన ఆమె వైపు చూసినాడు. పెండ్లయినప్పటినుంచి ఆ మనిషి ఆమెను అట్లా చూడలేదు. ఆయన బతుకు ఇప్పుడు ఆమె నోట్లో ఉంది. ఒక్క మాటతో కూల్చేయగలదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

నాగరత్నమ్మ కొంగు భుజం మీదికి లాక్కుంది. తలమీద కప్పుకోలేదు.

“అంగడికేమైంది చెన్నప్పా, బాగుండాది” అంది, వీధిలోకి వినపడేటట్టు. “బాగలేనిది నేను. నాకు చక్కెర జబ్బొచ్చింది. నడిస్తే బతుకుతావని డాక్టరమ్మ చెప్పింది. రోంత జరుగప్పా, దోవియ్యి. నాకు బతకల్లని ఉండాది.”