నడిమిట్ల నీళ్లు

ఇంక ఐదు రోజులున్నాయి సద్దుల బతుకమ్మకు. కొత్తపేటలో కొత్తగా లేచిన కళాభవనం ముందు ఎకరం జాగా ఉంది. ఆ ఏడు ఆట అక్కడేనని కాలనీ కాలనీకి చాటింపయిపోయింది. ఆ మాట విన్నప్పటి నుంచీ తోటమాలి గుండయ్యకు కాలు నిలవడం లేదు. మలక్‌పేట బంగళాల్లో ముప్ఫై ఏళ్లు గడ్డి పెంచిన మనిషి. ఆ గడ్డి మీద ఎవరైనా కాలు పెడితే తరమడమే అక్కడ ఆయన పని. జనం వచ్చి తొక్కాలని ఒక జాగాను తయారు చేయడం పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదలు.

అయితే జాగా ఎక్కడ తయారయింది? తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తోంది. బస్సు లేదు, లారీ లేదు. కడియం నుంచి రావలసిన గడ్డి, పూలమొక్కలు దారిలోనే ఆగిపోయాయి. ఎటు చూసినా ఎర్రమట్టి, నట్టనడుమ ఫౌంటెన్ కోసం తవ్విన గుంత. జాగాకు నక్షా గీసిన సాంబమూర్తి ఆ గుంత గట్టు మీద కూర్చుని ఫోను చెవి నుంచి తీయడం లేదు. ఆయనదీ కడియం వైపే. నోరు తెరిస్తే ఎక్కడివాడో తెలిసిపోతుందని ఆ రోజుల్లో సగం పని సైగలతోనే చేయించేవాడు.

"లారీ సూర్యాపేట దాటలేదంట, గుండయ్యగారూ. గడ్డి ఎండిపోద్ది. నా పరువు పోయినట్టే."

"గడ్డిది ఏమున్నది సార్, మల్ల మొలుస్తది. నేనొకటి అడగాల్నని పది దినాలసంది అనుకుంటున్న. జర ఏమనుకోకు. గీ గుంత నడిమిట్ల ఎందుకు?"

"ఫౌంటెన్ అండీ. మధ్యలో నీళ్లు చిమ్ముతుంటే ఆడవాళ్లు చుట్టూ తిరిగి ఆడతారు. చూడ్డానికి బాగుంటుంది కదా?"

గుండయ్య ఆయన మొహంలోకి చూశాడు. నవ్వు ఆపుకుందామనుకున్నాడు, ఆగలేదు.

"బతుకమ్మ ఆట ఎన్నడన్న దగ్గరుండి చూసినవా సార్?"

"టీవీలో చూశానండి."

"నడిమిట్ల నీళ్లుంటె అమ్మను యాడ కూసోబెడ్తరు? బతుకమ్మలు నడుమ పెట్టి ఆడోళ్లు చుట్టు తిరుగుతరు. ఆట అయినంక ఎత్తుకపోయి నీళ్లల్ల ఇడుస్తరు. నువ్వు అమ్మ రాకముందే సాగనంపుతున్నవ్!"

సాంబమూర్తి నక్షా చూశాడు, గుంత చూశాడు.

"ముందే చెప్పొచ్చు కదండీ!"

"నువ్వు అడిగితె గద! సైగ జేస్తివి, తవ్వితిమి."

అంతలో భవనం కమిటీ పెద్ద అండాలమ్మ గేటు తోసుకుని వచ్చింది. మట్టిని చూసి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఏం సార్, ఇదేనా మీరు చేసిన తోట? రేపు పొద్దుగూకేటాల్లకు తయారుగాకపోతె మా ఆడోళ్లు ఎల్బీనగర్ చౌరస్తల ఆడుకుంటరు. గీడికి ఎవ్వలు రారు. కబురు పంపుత."

గుండయ్య ఆమెకు అడ్డంగా వచ్చి నిలబడ్డాడు.

"అక్కా, రేపటిదాక ఎవలకు చెప్పకు. పొద్దుగూకంగ ఇరవై మందిని తోలుకరా. ఒక్క ఆట ఆడి చూడుండ్రి."

"గీ మట్టిలనా?"

"మట్టిలనే."

ఆమె వెళ్లగానే ఇద్దరూ పార అందుకున్నారు. ఆ పూటా, తెల్లారి మళ్లీ ఎండెక్కేదాకా గుంత పూడ్చారు, దిమ్మిస కొట్టారు, నీళ్లు చల్లారు. సాంబమూర్తి అరచేతులు బొబ్బలెక్కాయి. అయినా పార వదల్లేదు.

సాయంత్రం ఆడవాళ్లు వచ్చారు. ముందర గుండయ్య భార్య మల్లమ్మ, చంకలో ఇత్తడి బిందె.

"ఏందయ్యా, నాట్లేస్తవా ఏంది, గిన్ని నీళ్లు జల్లినవ్?"

"నాలుగు సుట్లు తిరుగు, నీకే ఎరుకైతది!"

బతుకమ్మకు మారుగా బిందెను నడుమ పెట్టి మల్లమ్మ పాట ఎత్తింది. వంగారు, చప్పట్లు కొట్టారు, అడుగు వేశారు. పాట విని రోడ్డు మీది వాళ్లు కూడా వచ్చి కలిశారు. ఒక వరుస రెండయింది. తడిమట్టిలో అడుగులు పడి పడి, దారం పట్టి గీసినట్టు రెండు గుండ్రటి బాటలు లేచాయి. సాంబమూర్తి మెట్ల మీద నుంచి చూసి గంతు వేశాడు.

"గుండయ్యగారూ! మనిషికి రెండడుగుల జాగా చాలనుకున్నానండి. వంగి తిరిగేవాళ్లకి నాలుగు కావాలి! గడ్డి వేసుంటే నాకీ సంగతి తెలిసేదే కాదు!"

ఆట అయిపోగానే మల్లమ్మ, బతుకమ్మను నీళ్లకు తీసుకుపోతున్నట్టే, బిందె నెత్తిన పెట్టుకుని నడిచింది. ఎవరూ చెప్పకుండానే అందరూ వెనక పడ్డారు. గోడవారన మూలకు పోతున్నారు. సాంబమూర్తి సున్నం డబ్బా పట్టుకుని, వాళ్ల అడుగుల పక్కనే గీత పోస్తూ పరుగెత్తాడు.

"అటే ఎందుకు వెళ్తున్నారండీ?"

"గది పల్లం గాదా సార్? నీళ్లు మిద్దెక్కుతయా?" అంది మల్లమ్మ. అందరూ ఘొల్లుమన్నారు. సాంబమూర్తి అందరికంటే గట్టిగా నవ్వాడు.

అండాలమ్మ ఆ బాటను మొదటి నుంచి చివరిదాకా తానే ఒకసారి నడిచి వచ్చింది.

"ఆట బాగనే ఉన్నది గని, గా మూలకు నీళ్లేవి? నీళ్లు పెట్టుండ్రి, గీడనే ఆడుతం."

మిగిలిన రోజుల్లో మూలన కుంట తవ్వారు. ఇటుకలతో గట్టు కట్టారు, ట్యాంకరు నీళ్లు నింపారు. గోడ వెంట, బతుకమ్మలో పేర్చే గునుగు తెల్లగా పూసి ఉంది. కలుపని పీకేయమన్నది సాంబమూర్తే.

"గునుగును కలుపంటె మా ఇంటిది నన్నే పీకుతది సార్," అని, గుండయ్య వేర్లతో మట్టితో సహా తెచ్చి కుంట చుట్టూ నాటాడు. ఆడేవాళ్లు నీళ్లలోకి జారకుండా గట్టుకూ ఆటజాగాకూ నడుమ తాడు కట్టాడు.

సద్దుల నాడు బస్సులు లేకపోయినా ఎల్బీనగర్ నుంచి, వనస్థలిపురం నుంచి బతుకమ్మలు నెత్తిన పెట్టుకుని నడిచే వచ్చారు. రెండు వరుసలు నాలుగయ్యాయి, నాలుగు ఆరయ్యాయి. జై తెలంగాణ అని ఒక గొంతు లేస్తే ఆరు వరుసలూ అందుకున్నాయి. గేటు దగ్గర ఇంకా జనమే.

"గుండన్నా!" అండాలమ్మ అరిచింది. "ఇంకొక్క వరుసకు జాగ ఉన్నదా?"

గుండయ్య చుట్టూ చూశాడు. తాడు దాకా నిండిపోయింది. ఆయన నోరు తెరిచేలోపే సాంబమూర్తి తాడు విప్పి భుజాన చుట్టుకుంటున్నాడు.

"రమ్మనండీ!" తన యాసలోనే, గేటు దాకా వినబడేట్టు కేక పెట్టాడు. "అందర్నీ రమ్మనండీ! నీళ్ల వైపు మేమిద్దరం నిలబడతాం!"