పువ్వు వెనక చీర

మా అక్క విద్యావతి దినాలకు ఆమె ఫొటో దొరకలేదంటే మీరు నవ్వుతారేమో. ఫొటోలు తీసేవాడి పెళ్లాం ఆమె! మా బావ రామస్వామి నాందేడ్ రైల్వేలో ఉద్యోగం చేస్తూ, డ్యూటీ లేనప్పుడల్లా పువ్వుల ఫొటోలు తీసేవాడు. కంప్యూటర్ నిండా పువ్వులే. అక్క జ్వరమని దవాఖానకు పోయి తిరిగి రాలేదు. పటం కట్టించి దండ వేద్దామంటే ఆమె ముఖం ఒక్కటంటే ఒక్కటి లేదు.

ఉన్నది ఆధార్ కార్డు మీది ఫొటో. దాన్ని పెద్దది చేయమంటే స్టూడియోవాడు అడ్డంగా తలూపాడు. పెంచినకొద్దీ మనిషి పోయి చుక్కలే మిగిలాయి. పెళ్లి ఆల్బమ్‌ను చెదలు తినేశాయి. పిల్లలు లేరు, వాళ్లతో దిగిన ఫొటోలూ లేవు. మా ఇళ్ల శుభకార్యాల్లో అయినా దొరుకుతుందేమో అని వెతికితే, అన్నిట్లోనూ కొంగు అడ్డం పెట్టుకుని ఉంది, లేదంటే పక్కకు తిరిగి ఉంది.

ఎందుకంటారా? పెళ్లైన కొత్తలో ఈ మహానుభావుడే అన్నాడట, "నీ మొఖం ఫొటోల మంచిగ రాదు విద్యా" అని. అక్క నాతో నవ్వుతూనే చెప్పింది. ఆ తర్వాత కెమెరా ముందు నిలబడితే ఒట్టు. తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

అలాగని ఆమెను ఇంట్లో వదిలేసేవాడా? లేదు. ఎండ ముదరకముందే భోకర్ వైపు బంతి తోటలకు వెంటబెట్టుకుని పోయేవాడు. పువ్వు మీద నీళ్లు చిలకరించడం ఆమె పని. నీడ పడిన వైపు తెల్ల థర్మాకోల్ అట్ట పట్టి వెలుగు తిప్పడం ఆమె పని. గాలికి కాడ ఊగితే రెండు వేళ్లతో పట్టుకోవాలి. అన్నిటికన్నా ముఖ్యం, ముదురు రంగు చీర కట్టుకుని పువ్వు వెనక నిలబడాలి. వెనక అంతా ఒకటే రంగుగా, మసగ్గా ఉంటే పువ్వు కొట్టొచ్చినట్టు కనబడుతుందట. "జర సక్కగ నిలబడు, నీ మెడ ఫొటోల అస్తున్నది!" అని కసరడం నా చెవులతో విన్నాను.

దినాలకు ముందు రోజు ఇద్దరం కంప్యూటర్ ముందు కూర్చున్నాం. బంతి, చేమంతి, మందారం, తామర, మళ్లీ బంతి. నాకు కళ్లు గుంజుతున్నాయి. ఒక బంతిపువ్వు దగ్గర బావ ఆగి వేలు పెట్టి చూపించాడు.

"గిది ఆమె పచ్చ చీర, హరిప్రియా. గీ మూలకు బొటనేలు కొస. సూడు."

"చీర చూపిస్తవేంది బావా! మా అక్క మొఖం ఏది?" అని అరిచేశాను.

"తియ్యలే," అన్నాడు. "ఎప్పుడూ ఎన్కనే ఉంటది గద అనుకున్న."

నాలుగు దులిపేద్దామని నోటిదాకా వచ్చింది. ఆయన ముఖం చూసి నాకే ఏడుపొచ్చింది.

చివరికి ఆ బంతిపువ్వునే పటం కట్టించాడు. అందులో విద్య ఉందంటాడు. కొట్లాడాను. కానీ దానికి బదులు తెచ్చి పెట్టడానికి నా దగ్గర మాత్రం ఏముంది?

మర్నాడు పటాన్ని పీట మీద గోడకు ఆనించి దండ వేశాం. పువ్వుకు దండేమిటని వచ్చినవాళ్లు గుసగుసలాడారు. పక్కింటి అనుసూయాబాయి, ముత్తైదువగా పోయింది కదా అని, కుంకుమ భరిణె తెచ్చింది. వేలికి కుంకుమ అద్దుకుని పటం ముందు వంగింది. ఆ వేలు అక్కడే ఆగిపోయింది.

"కుంకూ కుఠె లావూ, తాయీ?" అని మరాఠీలో నన్ను అడిగింది. బొట్టు ఎక్కడ పెట్టాలట!

బావ లేచి వచ్చి భరిణె అందుకున్నాడు. పటం ముందు కూలబడి, పువ్వు వెనక ఉన్న ఆ పచ్చని మసకను కింది నుంచి వేలితో తడుముకుంటూ పోయాడు. "గిది నడుము... గిది భుజం..." అని గొణుక్కుంటున్నాడు. పటం అంచు వచ్చేసింది. చెయ్యి ఆగలేదు. ఇంకో జానెడు పైకి పోయింది.

అక్కడ, ఉత్త గోడకు, బొట్టు పెట్టాడు.