తొమ్మిది దాటితే లేచి రావాల

"ఈ కార్డు కంప్యూటర్లోకి ఎక్కించి పెట్టవే ఉదయా. బాగున్నవి ఒక ఇరవై ఏరు. నాకు నడుము పట్టేసింది" అని వాసుదేవ్ కెమెరాలోని మెమరీ కార్డు తీసి చక్కెర డబ్బా మూత మీద పెట్టి, తువ్వాలు భుజాన వేసుకుని స్నానానికి పోయినాడు. ఆదివారం సాయంత్రం ఐదవుతోంది. ఉదయశ్రీ చేతుల నిండా జొన్నపిండి. రొట్టెలు కొట్టడం సగంలో ఉంది. ఆ మనిషి ఒక్కసారన్నా "నీ పని అయినాకలే" అన్నాడా? అనడు. ఆయన ఫోటోలు తీసొచ్చిన ప్రతి ఆదివారమూ ఇంతే. తీసేది ఆయన. దించేది, ఏరేది, వంకరలు సరిచేసేది, కింద పేరు రాసి క్లబ్బు వాట్సాప్ గ్రూపులో పెట్టేది ఈమె. పేరు మాత్రం "వాసుదేవ్, కోయిలకుంట్ల". ఆ గ్రూపులో నన్నూ చేర్పించండి అని ఒకసారి అడిగితే, "మగోళ్ళం ఏమేమో మాట్లాడుకుంటాం, నీకెందుకే" అన్నాడు. కానీ ఆయన నంబరు మీద అదే గ్రూపు ఇంటి కంప్యూటర్లో ఎప్పుడూ తెరిచే ఉంటుంది, ఫోటోలు పెట్టే చాకిరీ ఈమెది కాబట్టి. పనికి రమ్మంటారు, పేరుకు వద్దంటారు.

అసలు ఆ ఇంట్లోకి కెమెరా అడుగుపెట్టింది పిట్టల కోసం కాదు, బిందెల కోసం. కోయిలకుంట్ల బజారులో వాళ్ళది స్టీలు సామాన్ల అంగడి. గిరాకీలకు ఫోన్లో బొమ్మలు పంపాలని ఆరేండ్ల కిందట వాసుదేవ్ ఒక చిన్న కెమెరా కొన్నాడు. స్టీలు బిందెను ఫోటో తీసి చూడండి, తెలుస్తుంది ఆ బాధ. ఎదురుగా నిలబడితే బిందెలో మన మొహమే పడుతుంది, లైటు వేస్తే తెల్లమచ్చ పడుతుంది. ఆయన రెండ్రోజులు తీసి, విసుగు పుట్టి, "నీకు మధ్యాహ్నం ఖాళీయే కదా, నువ్వు చూడు" అని ఈమె ఒళ్ళో పడేసినాడు. ఖాళీ అంట! అత్తగారి కాళ్ళకు నూనె, మిద్దె మీద వడియాలు, అంగడికి క్యారియరు, వీటి సందులో దొరికే ఒక్క గంట. ఆ గంటలో పాత పంచెను కిటికీకి అడ్డం కట్టి, ఎండను దాంట్లోంచి రానిచ్చి, వెలుతురు ఏ పక్కనుంచి పడితే బిందె బిందె మాదిరి కనపడుతుందో తనకు తానే నేర్చుకుంది. తర్వాత వడియాలకు వచ్చే పిచ్చుకల్ని తీసింది. ఆ తర్వాత, షుగరుకు రోజూ నడవమని డాక్టరు రాసిచ్చిన చీటీ పుణ్యాన, పొద్దున్నే స్కూటీ వేసుకుని ఊరి బయటికి పోవడం మొదలుపెట్టింది.

ఈలోపల వాసుదేవ్‌కు ఏదో పెండ్లిలో రాఘవేంద్రప్రసాద్ పరిచయమైనాడు. కర్నూల్లో రిటైరైన లెక్చరరు, అడవులూ పిట్టలూ ఫోటోలు తీసేవాళ్ళ క్లబ్బుకు ప్రెసిడెంటు. చేరిన నెలకే మన వాసుదేవ్‌కు చెయ్యంత పొడుగు లెన్సు, మూడుకాళ్ళ స్టాండు, ఆకుల బొమ్మల చొక్కా వచ్చినాయి. చిన్న కెమెరా, దాని చిన్న లెన్సు ఈమెకు మిగిలినాయి. "పెద్దది నీకు బరువు ఆగదులే" అన్నాడు. ఎవరితో? ఇరవై లీటర్ల నీళ్ళక్యాను రోజూ మిద్దె ఎక్కించే మనిషితో.

అయినా ఆమెకు ఏడుపేమీ రాలేదు. చిన్న లెన్సు అయితేనే పిట్ట నడవడిక నేర్చుకోవాల్సి వస్తుందని ఆమెకు త్వరలోనే అర్థమైంది. తెలిసిన సంగతులన్నీ అంగడి బిల్లుపుస్తకాల వెనక అట్టల మీద రాసుకునేది. కొత్తవాళ్ళు పెద్ద లెన్సుకు ఎగబడొద్దు. స్టాండు లేకపోతే రెండు కిలోల ఇసుక పట్టే గుడ్డసంచి చాలు, నేల మీద పెట్టి లెన్సు దానికి ఆనిస్తే చెయ్యి వణకదు. పిట్ట కంటి ఎత్తుకు మనం దిగాల, అంటే బోర్లా పడుకోవాల. పిట్ట బెదరకుండా రోజూ ఒకే రంగు బట్ట కట్టుకుని పోవాల. ఎండెక్కితే నేల మీద గాలి అలలు అలలుగా లేస్తుంది, దూరం నుంచి ఎంత మంచి లెన్సుతో తీసినా ఫోటో అలుక్కుపోతుంది, పిట్టకూ అప్పుడు గూటి కాడ పని ఎక్కువ, కాబట్టి తొమ్మిది దాటితే లేచి రావాల. గూడు యాడుందో ఎవరికీ చెప్పకూడదు. వాసుదేవ్ ఆ అట్టల్ని ఫోన్లో ఫోటో తీసుకుని తన మాటలుగా గ్రూపులో పెట్టుకున్నాడు. చప్పట్ల బొమ్మలు, "సూపర్ వాసూ" అని పొగడ్తలు. ఆమె కంప్యూటర్లో చూసి, సర్లే అనుకుంది. ఆడపిల్లకు అన్నప్రాశన నాడే ఈ సర్లే అన్న మాటను అన్నంలో కలిపి పెడతారేమో.

ఊరికి పది కిలోమీటర్ల దూరంలో వదిలేసిన నాపరాతి గని ఒకటుంది. పోయిన నెల అక్కడ ఆమెకు గూడు చూపించింది కృపమణి. పక్కనున్న గనిలో రాళ్ళు మోసే మనిషి, పొద్దున్నే స్కూటీని చూసి చూసి దోస్తీ అయింది. "అక్కా, అడుగు చూసి పెట్టు. ఈడ సంసారముండాది" అంది. రాతి చిల్లల నడుమ చిన్న గుంట, అందులో నాలుగు గుడ్లు, అచ్చం రాళ్ళ మాదిరే మచ్చలతో. తీతువు పిట్ట. ఇంటికొచ్చి చెబితే అత్తగారు రాజ్యలక్ష్మమ్మ చెవులు మూసుకుంది. "తీతువు కూస్తే అరిష్టమే తల్లీ. దాని బొమ్మ గూడా ఇంట్లోకి తీసుకరావద్దు!"

కానీ ఆ తల్లి చేసే పని చూస్తే అరిష్టమని ఎట్లంటారు? గనిగుంతలో నిలిచిన నీళ్ళలోకి దిగి, పొట్ట ఈకలు బాగా తడుపుకొని, పరుగున వచ్చి ఆ తడిపొట్టతో గుడ్ల మీద కూర్చుంటుంది. రాళ్ళ వేడికి గుడ్లు ఉడికిపోకుండా. మళ్ళీ ఆరుతుంది, మళ్ళీ పోతుంది, మళ్ళీ తడుస్తుంది. మొదటిసారి చూసినప్పుడు ఉదయశ్రీకి కండ్లలో నీళ్ళు తిరిగి ఫోకసే కుదరలేదు. ఇరవై మూడు రోజులు చూసింది. ఇంకో నాలుగైదు రోజుల్లో పిల్లలు బయటికి వస్తాయి.

పోయిన మంగళవారం వాసుదేవ్ వంటింట్లోకి వచ్చి పీట లాక్కుని ఆమె పక్కన కూర్చున్నాడు. పదకొండేండ్ల కాపురంలో అట్ల కూర్చోవడం అదే మొదలు. "రోజూ పొద్దున్నే పోతాండావు, ఏం చూస్తాండావే?" అన్నాడు. అంతే, ఈమె కరిగిపోయింది. తడిపొట్ట సంగతి చెప్పింది, మగపిట్ట కాపలా సంగతి చెప్పింది. ఆయన ఫోను బోర్లించి పెట్టి మరీ విన్నాడు. "యాడ? బోరింగు దాటినాకనా, ముందరనా?" అని అడిగినాడు. "మీకొక్కరికే చెప్తాండా, ఎవరికీ చెప్పొద్దండి" అంది. "ఛ, నేనెందుకు చెప్తానే" అన్నాడు. పిచ్చిది, అది ప్రేమ అనుకుంది. మరుసటి రోజు ఆయనకిష్టమని ఓళిగలు గూడా చేసింది.

ఇప్పుడు ఆదివారం సాయంత్రం, చేతులు కడుక్కుని కార్డు కంప్యూటర్లో పెడితే తెర మీద తన రాళ్ళు కనపడినాయి.

మొదటి ఫోటో ఉదయం ఎనిమిదీ యాభైకి, ఆదివారం వంటపనికని ఆమె పెందలాడే ఇల్లు చేరినాక, తీసినది. ప్రతి ఫోటో వెంట టైము కెమెరానే రాసిపెడుతుంది కదా. అందులో తల్లి గుడ్ల మీద కూర్చోనుంది. రెండోదాంట్లో లేచింది. ఆ తర్వాత నాలుగొందల చిల్లర ఫోటోల్లో ఒక్కదాంట్లో గూడా అది గుడ్ల మీద లేదు. పక్కన పరుగెత్తుతోంది, రెక్క విరిగినట్టు నటిస్తోంది, పైకి లేచి తిరుగుతోంది. మూలల్లో బూట్లు, నీళ్ళ బాటిలు, రాఘవేంద్రప్రసాద్ టోపీ. ఆరుగురు మగోళ్ళు. తొమ్మిదిన్నర, పది, పదిన్నర. టైము గడిచేకొద్దీ ఫోటోలో పిట్ట పెద్దదవుతోంది, అంటే వీళ్ళు దగ్గరికి జరుగుతున్నారు. ఆమెకు అనుమానమొచ్చి గ్రూపు తెరిచి వెనక్కి పోయి చూసింది. శనివారం వాసుదేవ్ పెట్టిన మాట: "ఎండెక్కితే గాలి అలలు వస్తాయి. కాబట్టి తొమ్మిది దాటితే దగ్గరికి పోయి తీయాల."

తన అట్ట మీది మాటే. లేచి రావాల అన్న చోట దగ్గరికి పోవాల అని పెట్టుకున్నాడు. చివరి ఫోటో పన్నెండూ పదికి. పిట్ట రెక్కలు రెండూ చాపి, నోరు తెరిచి, కెమెరా మీదికే వస్తోంది. స్నానాల గదిలోంచి ఆయన ఏదో పాట కూనిరాగం తీస్తాండాడు.

సోమవారం తెల్లవారంగానే గని కాడికి పోయింది. కృపమణి పనికి పోకుండా అక్కడే నిలబడుకోనుంది.

"నేను అరిచినానక్కా. సార్లూ, ఎండకు గుడ్లు పోతాయి, పక్కకు రాండి అన్యా. మీ ఇంటాయన ఏమన్యాడో తెలుసునా? మాకు తెలుసులేమ్మా, మా ఇంటిదే చెప్పింది అన్యాడు. నువ్వే చెప్పినావంటే ఇంగ నేనేం మాట్లాడేది?"

కృపమణి కోళ్ళు పెంచిన మనిషి. చెంబులో గోరువెచ్చని నీళ్ళు తెచ్చింది. పిల్ల బయటికొచ్చే రోజులు దగ్గరపడిన గుడ్డును నీళ్ళలో వదిలితే, లోపలి పిల్ల బతికుంటే గుడ్డు ఊగుతాది అని చెప్పి, ఒక్కొక్కటే వదిలింది. తలల పైన తీతువులు రెండూ గొంతు చించుకుంటున్నాయి. ఒకటి ఊగలేదు. రెండోది ఊగలేదు. మూడోదాన్ని శానాసేపు చూసినారు. నాలుగోదాన్ని కృపమణి చూడలేక మొహం తిప్పుకుంది. అన్నీ తుడిచి గుంటలో పెట్టి దూరంగా పోయి కూర్చున్నారు. ఐదు నిమిషాలకు తల్లి నీళ్ళలోంచి వచ్చింది. పొట్ట నుంచి చుక్కలు కారుతున్నాయి. చచ్చిన గుడ్ల మీద జాగ్రత్తగా సర్దుకుని కూర్చుంది. ఉదయశ్రీ కెమెరా సంచి తెరవనే లేదు. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

మధ్యాహ్నం భోజనానికి వచ్చినప్పుడు వాసుదేవ్‌ను అడిగింది.

"గుడ్లే కదే!" అన్నాడు పప్పు కలుపుకుంటూ. "మళ్ళా పెడుతుంది. దానికి వేరే పనేముంది?"

"ఎవరికీ చెప్పనంటిరి కదండీ."

"నువ్వు చెప్పకపోతే నాకెట్ల తెలుస్తుంది? చెప్పిందానివి నువ్వే. మళ్ళా నన్నంటావా?"

రాజ్యలక్ష్మమ్మ కంచం ముందర నుంచి తలెత్తింది. "పిట్టగుడ్లకు మొగున్ని నిలేసేదాన్ని ఇప్పుడే చూస్తాండా. ఉదయా, వానికి పెరుగు వెయ్."

పెరుగు వేసింది. చెయ్యి అలవాటున పోయి వేసింది. గుడ్లు పోయిన బాధ ఒకటైతే, ఆ మంగళవారం పీట లాక్కుని కూర్చున్న మనిషి అసలు ఈమె దగ్గరికి రాలేదని, ఆ బోరింగు గుర్తు కోసం వచ్చినాడని తెలియడం ఇంకొకటి. పదకొండేండ్లకు ఒక్కసారి నా మాట విన్నాడనుకుంటినే! ఆ వినడం గూడా నా కోసం కాదే!

చెయ్యి కడుక్కుంటూ వాసుదేవ్ హుషారుగా చెప్పినాడు. "ఆ చివరి ఫోటో ఉంది చూడు, రెక్కలు చాపింది, దాన్ని క్లబ్బు క్యాలెండరు అట్ట మీద వేస్తారంట. 'మాతృత్వం' అని పేరు పెట్టినాడు రాఘవేంద్రప్రసాద్ సారు. మూలలో బాటిలు కనపడుతోంది, చెరిపేయ్. కింద ఫోటో వివరాలు, కొత్తవాళ్ళకు పనికొచ్చే మాటలు నాలుగు రాసి గ్రూపులో పెట్టు. నాలుగింటికల్లా కావాలంట." చెప్పులేసుకుని అంగడికి పోయినాడు.

ఆమె గిన్నెలు కడగలేదు. పెండ్లయినాక ఎంగిలి కంచాలు అట్లే వదిలి కుర్చీలో కూర్చోవడం ఇదే మొదలు. అత్త రెండుసార్లు పిలిచినా లేవలేదు. ఫోటో తెరిచింది. బాటిలు చెరపలేదు. కింద ఒక్కొక్క అక్షరమే ఒత్తుతూ రాసింది.

"లెన్సు: నూటయాభై నుంచి ఆరొందల మిల్లీమీటర్లు. పిట్టకు, కెమెరాకు దూరం: పన్నెండు అడుగులు. మొదలు: ఉదయం ఎనిమిదీ యాభై. ఆఖరు: పన్నెండూ పది. ఎండ: నలభై రెండు డిగ్రీలు. ఇది మాతృత్వం కాదు. ఈ ఫోటోలో తల్లి మిమ్మల్ని పొమ్మంటాంది. మీరు పోలేదు. నాలుగు గుడ్లలో నాలుగు పిల్లలూ చచ్చిపోయినాయి. తీసినది: వాసుదేవ్."

వేలు ఆగింది. ఇంతవరకే రాసి ఊరుకుంటే తాను మంచిదైపోతుంది. లేదు, ఆయన అన్నదాంట్లో ఒక్క ముక్క నిజమే, నోరు విప్పింది తానే. కృపమణి మొహం గుర్తుకొచ్చింది. కింద ఇంకో వరుస చేర్చి, మళ్ళీ చదువుకోకుండా, ఆయన నంబరు మీదనే గ్రూపులోకి పంపేసింది.

"చోటు చెప్పినది: ఆయన భార్య ఉదయశ్రీ. మొగుడు కదా అని నమ్మి చెప్పినాను."