చల్లారాల్సిన ఇంజను

“నీ బట్టలు మావాటితో కలిపి నానెయ్యకమ్మా, ఇల్లంతా డీజిలు కంపు,” అన్నారు అత్తగారు. కోడలు తనవి వేరే బకెట్లో వేసుకుంది. ఇంజన్ల పరీక్షశాలలో ఇంజనీరు ఆమె. ఇంట్లో మాత్రం అందరికీ అందే రెండు చేతులు. పాలు కాచి, డబ్బాలు సర్ది, మొగుడి చొక్కా ఇస్త్రీ చేసి, తను తినడం మరిచి బస్సుకు పరుగెత్తింది. అదే పరీక్షశాలకు అధికారి అయిన మొగుడు ఎప్పుడో కారులో వెళ్ళిపోయాడు.

ఆ వేళ ఆమె ప్రాణమంతా ఒక్క ఇంజను మీదే. మామూలు డీజిలింజన్లో వాల్వులు ఇంజను చల్లగా ఉన్నా వేడెక్కినా ఒకే వేళకు తెరుచుకుంటాయి. ఆమె అమర్చింది వేరు. ఇంజను చల్లగా ఉన్నంతసేపూ పొగ వదిలే వాల్వు కాస్త ముందే తెరుచుకుని, వేడి పొగను గొట్టంలోని శుద్ధి డబ్బాకు పంపుతుంది. డబ్బా వేడెక్కితేనే పొగలో విషం విరిగేది. ఆ తర్వాత వాల్వు మామూలు వేళకు మారిపోతుంది, డీజిలు మిగులుతుంది. ఇది తేలాలంటే ఇంజను రాత్రంతా ఎవరూ ముట్టకుండా చల్లారాలి. కంపెనీ పెద్దాయన ఈ ఒక్క పూటకే వచ్చాడు. నచ్చకపోతే పని మూసేస్తాడు.

ఆమె ఇంజను మీద చెయ్యి వేసింది. వెచ్చగా తగిలింది. మొగుడి వైపు తిరిగింది.

“పొద్దున్నే ఓసారి తిప్పాన్లే,” అన్నాడు మొగుడు, మెల్లగా. “ఆయన ముందు మొరాయిస్తే పరువేం కాను? పొగ కొలతలో అంకెలు బాగొస్తాయి. నీకే మంచిది.”

“ఇది చల్లటి పరీక్ష కదండీ.”

“ఆయనొచ్చి చెయ్యి పెట్టి చూస్తాడా? బటన్ నొక్కు. మాట్లాడేది నేను చూసుకుంటా.”

నీకే మంచిది. పై చదువు మానిపించినప్పుడూ ఇదే మాట, ఆమె వేసిన నమూనా మీద తన పేరు ముందు పెట్టుకున్నప్పుడూ ఇదే మాట. వేడింజన్లో తన వాల్వు ముందు తెరుచుకోనే తెరుచుకోదు, వేడెక్కాక ఎవరి ఇంజనైనా శుభ్రమైన అంకెలే చూపిస్తుంది. నొక్కితే చప్పట్లు మోగుతాయి, కానీ తన పని నిజమో కాదో తనకే తెలియకుండా పోతుంది. నొక్కకపోతే ఈ గది మూతపడుతుంది, మిగిలేది ఆ బకెట్లూ ఆ ఇస్త్రీపెట్టే. అడకత్తెరలో పోకచెక్కలా నిలబడిపోయింది. బటన్ దగ్గర్నుంచి వెనక్కి జరిగింది.

“సార్,” అంది అవతల కూర్చున్న పెద్దాయనతో. “ఇంజను వేడిగా ఉంది. మావారు తిప్పారు. ఇవాళ పరీక్ష కుదరదు. రేపు పొద్దున చెయ్యాలి.”

“రేపు నేనుండనమ్మా,” అంటూ ఆయన లేచాడు.

“నేనుంటాను సార్.”

ఆయన వెళ్ళిపోయాడు. మొగుడి మొహం నల్లబడింది. “కొంప ముంచావు. ఇంకిక్కడ నీకేం పని? పద ఇంటికి, వంటైనా చూడు.”

ఆమె ఇంజను తాళం చెవి తీసుకుని, స్టూలు లాక్కుని దాని పక్కనే కూర్చుంది.

“మీరెళ్ళండి,” అంది. “రేపటిదాకా దీన్నెవరూ ముట్టకూడదు.”