చుట్టూ నలభై ఎనిమిది

దర్జీపని చేసే చెల్లెలికి టేపు మీద గురి ఎక్కువ. ఛాతీ, నడుము, మెడ, ఏదైనా చుట్టూ కొలుస్తుంది. ఇరవై ఏళ్లలో టేపు ఆమెకు ఒక్క అబద్ధమూ చెప్పలేదు. గది మార్పిడి నాడూ దాన్నే నమ్ముకుంది.

తండ్రి పోయాక ఆమె వాటాకి వచ్చింది వీధిగది, పన్నెండడుగులకి పన్నెండు. మధ్యలో నాలుగడుగుల వెడల్పున్న కటింగ్ బల్ల. అన్నయ్య టైల్స్ మేస్త్రీ. ఆ గది తనకిచ్చి, వెనకనున్న పొడుగు గది తీసుకోమన్నాడు.

"ఇరుకుగా ఉందేంటన్నయ్యా?"

"వెడల్పు తగ్గితేనేం, పొడుగు పెరిగింది కదమ్మా. టేపు నీ చేతిలోనే ఉంది, కొలుచుకో."

కొలిచింది. వీధిగది చుట్టూ నలభై ఎనిమిది అడుగులు. వెనకగది, ఇరవైకి నాలుగు, చుట్టూ అదే నలభై ఎనిమిది. పిచ్చితల్లి, సంతోషంగా సంతకం పెట్టేసింది.

బల్ల దించాక గాని సంగతి తెలియలేదు. అది ఈ గోడ నుంచి ఆ గోడకి అతుక్కుపోయింది. వెలుగొచ్చే కిటికీ, దాని పక్కనున్న కుట్టుమిషను బల్లకి అవతలుండిపోయాయి, తలుపు ఇవతల. ఎవరైనా తలుపు తడితే ఆమె బల్ల కింద పాకి రావాలి. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయి.

అన్నయ్య టైల్స్ దింపించాడు, అడుగుకి అడుగు పలకలు. తన గదికి నూట నలభై నాలుగు. ఆమెకి ఎనభై.

"నీ గదికీ నేనే వేసిపెడతాలే. కానుకనుకో."

"నాకు అరవై నాలుగు తక్కువేంటి? చుట్టూ ఒకటే కొలతగా!"

"చుట్టూ కొలిస్తే గోడలు తెలుస్తాయి. నేల తెలియాలంటే పొడుగుని వెడల్పుతో హెచ్చవేయాలి."

"మరి అప్పుడే చెప్పలేదేం?"

"అప్పుడు నాకూ తట్టలేదమ్మా."

టైల్స్ పెట్టెకి ఆర్డరు చీటీ అంటించి ఉంది. అన్నయ్య చేతిరాతే: 'వీధిగది, నాకు, 144. వెనకగది, చెల్లికి, 80.' తేదీ చూసింది. సంతకానికి పది రోజుల ముందుది. పరాయివాడు మోసం చేసుంటే తిట్టిపోసేది. కాని చేసింది అన్నయ్య.

బల్ల కింద పాకి మిషను దగ్గరికెళ్లింది. దాని మీద అన్నయ్య కొత్త చొక్కా సగం కుట్టి ఉంది. ఆ చొక్కాకి ఆమె టేపు కూడా పట్టలేదు. అన్నయ్య కొలతలన్నీ తనకి కంఠతా వచ్చనుకుంది.